చిన్నమ్మ రాసిన ‘రా’

మూడో మలుపు దగ్గర శబ్దం తగ్గాలి. ప్రతి రౌండులోనూ తగ్గేది. ఆ రౌండులో తగ్గలేదు.

మేం నిలబడిన చోటికి మూడో మలుపు కనిపించదు. కుప్పం అవతల ఆ బంజరు నేలలో దారి తిరిగే చోటంతా సర్కారు కంప పెరిగి ఉండేది, దానిపైన ఎర్ర దుమ్ము లేచి నిలిచేది. అందుకని మేం చిన్నాయనను చెవులతో చూసేవాళ్లం. మా ముందు నుంచి పోయేటప్పుడు బండి ఒక్క కేక పెట్టేది. మొదటి మలుపులో గొంతు దించేది, రెండోది దాటినాక మళ్లీ ఎత్తుకునేది, మూడో మలుపుకు ముందు చిన్నాయన యాక్సిలరేటర్ వదిలితే పట్‌పట్‌మని దగ్గేది. ఆ దగ్గు వినపడితే చిన్నమ్మ ఊపిరి వదిలేది. ఆ రోజు దగ్గు రాలేదు. కేక అట్లే సాగింది. రేసులో చిన్నాయనకు ఎత్తి చూపే పలకకు తగిలించాల్సిన అంకె రేకు నా చేతిలో ఉంది. చిన్నమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. పలకను పట్టుకున్న ఆమె వేళ్లు తెల్లబడి ఉన్నాయి. అంతలో ఆ కేక ఇంకా పైకి లేచింది, చక్రాలతో సంబంధం తెగిపోయి ఇంజను ఒక్కటే గింగిరాలు తిరుగుతున్నట్టు. ఆ తర్వాత ఏమీ లేదు. జనం అరవడం ఇంకా తర్వాత మొదలైంది. భయం అనగానే నాకు ఇప్పటికీ ఆ అరుపులు గుర్తు రావు. తగ్గాల్సిన చోట తగ్గని ఆ రెప్పపాటు గుర్తొస్తుంది. పక్క గదిలో పిల్లలు ఆడుకుంటున్న శబ్దం ఉన్నట్టుండి మారితే, చేతిలో ఉన్నది వదిలేసి నేను పరిగెత్తేది అందుకే. మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ.

ఇదంతా ఈ రాత్రి రాయడానికి కారణం మధ్యాహ్నం చిన్నాయన రావడం. పుంగనూరు బస్సు దిగి, ఆటో ఎక్కకుండా, మదనపల్లె ఎండలో బస్టాండు నుంచి మా ఇంటిదాకా నడుచుకుంటూ వచ్చాడు. చంకలో పాత దుప్పట్లో చుట్టిన వెడల్పాటి వస్తువు ఒకటి. గుమ్మంలో నిలబడి చెమట తుడుచుకుంటూ, “యాడమ్మా మన రేసు మనిషి?” అన్నాడు. రేసు మనిషి అంటే నా కూతురు చరిత. నాలుగో తరగతి. అంగళ్లు పక్కన ఒక మైదానంలో పిల్లలకు చిన్న బండ్ల మీద రేసు నేర్పే మాస్టారు ఉన్నాడు. ఏడాదిగా ప్రతి ఆదివారం వాళ్ల నాన్న సురేంద్ర దాన్ని అక్కడికి తీసుకుపోతాడు. సురేంద్రకు ఉద్యోగం కుప్పంలో, వారానికి ఒకసారి ఇంటికొస్తాడు. ఆ ఒక్క రోజు కూతురితో గడపడానికి ఆయనకు దొరికిన దారి అది. రేపు కుప్పంలో పిల్లల రేసు. చరితకు మొదటిది. దాని తోలు సూటు తలుపు వెనక హ్యాంగరుకు వేలాడుతోంది. మోకాళ్ల దగ్గర గట్టి అట్టలు, వీపున మూపురం. ఖాళీగా వేలాడుతున్నా లోపల ఎవరో ఉన్నట్టే ఉంటుంది. వారం రోజులుగా దాన్ని తప్పించుకుని పక్కగా నడుస్తున్నాను. రేపు పొద్దున చరిత నుదురు వేడిగా ఉందని అందరికీ చెప్పి ఆపేయొచ్చు కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో.

చిన్నాయన దుప్పటి విప్పాడు. లోపల మా పలక. నల్ల రంగు వేసిన పలుచటి చెక్క, మేకులు, పట్టుకోవడానికి రెండు పక్కలా రెండు కర్రలు. మేకులకు తగిలించే అంకెల రేకులు విడిగా ఒక సంచిలో. సంచి అడుగున, మిగతా వాటికన్నా పెద్ద రేకు ఒకటి. దాని మీద తెల్ల పెయింటుతో ఒకే అక్షరం. ‘రా’.

నా నాలుగేళ్ల కొడుకు బన్ని దాన్ని తిప్పి చూసి, “ఇది నంబరు కాదే” అన్నాడు. చరితకు మాత్రం వెంటనే అర్థమైంది. గ్రాండ్ ప్రీ రేసులన్నీ వాళ్ల నాన్న ఫోనులో చూస్తుంది అది. “పిట్ బోర్డు! తాతా, ఇప్పుడు ఇవి పాతవైపోయినాయి. బండి ముందర స్క్రీన్ మీదే మెసేజ్ వస్తుంది” అంది.

“వస్తే రానీలే. స్క్రీను నీ కోసరం ఎండలో నిలబడుతుందా?” అన్నాడు చిన్నాయన.

తర్వాత ఇద్దరూ కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. కొత్తగా రాబోయే నిబంధనల్లో ఇంజన్లు చిన్నవి చేస్తారట, బండికి తొడిగే రెక్కలు తగ్గిస్తారట, వెనక భాగాన్ని కిందికి దించే ఏర్పాటు తీసేస్తారట. చరిత గొణుక్కుంది, స్పీడు తగ్గిపోతుందని. చిన్నాయన మాత్రం సంతోషపడ్డాడు. “మంచిదే గదా. బండి బాగుంటే ఎవురైనా పోతారు. మనిషి ఎంతోడో తెలియాలంటే బండి కొంచెం తక్కువగానే ఉండాల” అన్నాడు. నేను వంటింట్లోంచి ఆ గొంతు వింటూ నిలబడిపోయాను. పాలు పొంగబోయాయి. ఆ గొంతు నాకు పుంగనూరు ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాల గొంతు.

ఆ ఇంటి ముందు భాగం చిన్నాయన మెకానిక్ షెడ్డు, వెనక భాగం మేం. మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు ఎప్పుడూ మూసి ఉండాలని మా అవ్వ, ఎప్పుడూ తెరిచి ఉండాలని చిన్నాయన. చివరికి అది సగం తెరిచి ఉండేది. ఆ సగంలోంచి రెండు స్ట్రోకుల బండి ఆయిలు వాసన ఇల్లంతా వచ్చేది. కాలిన ఆముదం లాంటి తియ్యటి వాసన అది. ఉతికిన బట్టల్లో, పరుపుల్లో, పుస్తకాల్లో ఉండేది. “పెరుగులో కూడా ఆయిలు వాసనే. దేవుడికి నైవేద్యం పెడితే ఆయన గూడా బండి ఎక్కి పోతాడు” అని అవ్వ తిట్టేది. చిన్నమ్మ కళావతి కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ వాసనకు తలనొప్పి వచ్చేదట. నాకు ఊహ తెలిసేసరికి ఆమె ఒక పక్క ఇడ్లీలు ఉడికిస్తూ, ఇంకో పక్క కిరసనాయిల్లో నానేసిన పిస్టను రింగుల్ని పాత చీరముక్కతో తుడిచి వరసగా పేర్చేది. పెళ్లి కూతురికి గాజులు సర్దినంత శ్రద్ధగా. పొద్దున్నే చిన్నాయన కిక్కు కొట్టి రేసు బండిని వేడి చేసేవాడు. ఆ చప్పుడుకు అలవాటుపడిన మా పొట్టావు అది వినపడితే గాని పాలు చేపేది కాదు. బండి రిపేరుకు విప్పిన రోజు అవ్వ చెంబు పట్టుకుని షెడ్డులోకి వచ్చి, “రేయ్ రెడ్డెప్పా, ఏదో ఒక బండి స్టార్టు చెయ్యరా, ఆవు సూస్తాండాది” అని అరిచేది.

టీము అంటే నలుగురం. నడిపేది చిన్నాయన. టైలర్ మస్తాన్ మామ మేనేజరు. షాపులో జాకెట్లు, లంగాలు కుట్టే మిషను మీదే ఆయన చిన్నాయనకు తోలు సూటు కుట్టాడు. మూడు సూదులు విరిగాయని ఆ సూటు కనిపించినప్పుడల్లా చెప్పేవాడు. పలక పట్టేది చిన్నమ్మ, అంకెలు తగిలించేది నేను. కోలారు నుంచి, కృష్ణగిరి నుంచి వచ్చే టీములకు వ్యానులుండేవి. మాది పాల డబ్బాలు మోసే ఆటో. డబ్బాలు దించేసి బండిని ఎక్కించి, తాళ్లతో కట్టి, దాని పక్కన మేం కూర్చునేవాళ్లం. దారి పొడుగునా పాల వాసన, ఆయిలు వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా పాతకాలపు స్కూటరు పొగ వదులుకుంటూ పోతే నేను ఒక్క క్షణం ఆగుతాను. పిల్లలు ముక్కు మూసుకుంటారు. నేను ఆ పొగ పూర్తిగా పోయేదాకా పీల్చుకుంటాను.

రేసులు లేని ఆదివారాలు టీవీ ముందు. సంగటి, మాంసం కూర, ఆ తర్వాత గ్రాండ్ ప్రీ. దేశాల పేర్లు ఎవరికీ పట్టవు. ప్రతివాళ్లకూ ఒక రైడరు ఉండేవాడు, రంగును బట్టి. చిన్నాయనకు పసుపు బండి. మస్తాన్ మామ మాత్రం సూటు బాగా కుదిరినవాడి పక్షం. “భుజం కుట్టు సూడప్పా, ఎట్ల కూర్చుందో. వాడు గెలవకపోయినా పరవాలేదు” అనేవాడు. అవ్వ ఎప్పుడూ ఆఖరున వచ్చేవాడి పక్షం. “వాడికి ఎవురూ లేరు గదా పాపం. టీవీవాడు గూడా సూపించడు” అనేది. రేసు మధ్యలో ఆఖరువాడు మారితే అవ్వ మనిషి కూడా మారేవాడు. రెండు స్ట్రోకుల ఇంజన్లు తీసేసి నాలుగు స్ట్రోకులవి తెచ్చిన ఏడాది చిన్నాయన మొదటి రేసు చూసి టీవీ కట్టేశాడు. “బండ్లు గొంతు మార్చుకున్నాయి” అన్నాడు. మళ్లీ వారం మామూలుగానే కూర్చున్నాడు గానీ, పొగ లేని రేసు ఆయనకు ఉప్పు లేని కూరలాగే ఉండేది.

చిన్నమ్మ బండ్లను చూసేది కాదు. రేసు జరిగే దారి పక్కన గోడ మీది నుంచి వంగి పలకలు చూపించేవాళ్లను చూసేది. ఒకసారి అడిగింది, వాళ్లట్ల పలకలు ఎత్తడం ఎందుకని. కార్లు నడిపేవాళ్లకు చెవిలో మాట్లాడే ఏర్పాటుంటుందని, బండ్లు నడిపేవాళ్లకు అది ఉండదని, బయటి నుంచి చెప్పాలంటే పలక మీద రాసి చూపించడమే దారి అని చిన్నాయన చెప్పాడు. ఎన్నో స్థానంలో ఉన్నాడో, వెనకవాడు ఎంత దూరంలో ఉన్నాడో అంతే రాస్తారని, చాలించి రమ్మనాలంటే దానికో గుర్తు ఉంటుందని.

చిన్నమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “అంత పెద్ద కంపెనీలు. అంతంత మిషన్లు. రమ్మని ఒక మాట చెప్పాలంటే పలక ఎత్తాల్సిందేనా?”

“అంతే.”

“చూడకపోతే?”

“చూస్తారులేవే. దాని కోసరమే చూస్తారు.”

మర్నాడే ఆమె ఆయిలు డబ్బా కత్తిరించి రేకు చేసింది. షెడ్డులో నంబరు ప్లేట్లకు వాడే తెల్ల పెయింటుతో ‘రా’ అని రాసింది. తలకట్టు లేకుండా సాగిన దీర్ఘం, అక్షరం కన్నా పొడుగు. మస్తాన్ మామ దాన్ని చూసి నియమం పెట్టాడు, తాను చెబితే తప్ప ఆ రేకు పలక ఎక్కకూడదని. ఎవరు వింటారు? మొదటి రౌండు కాగానే చిన్నమ్మ నన్ను మోచేత్తో పొడిచేది. “అది పెట్టవే.” నేను అంకెల కింద ‘రా’ తగిలించేదాన్ని. మస్తాన్ మామ నెత్తి కొట్టుకునేవాడు. “తల్లీ, ఇది రేసు. మీ మొగుడు ముందర పోతాండాడు. ఎవుడన్నా ముందర పోయేవాడిని రమ్మంటాడా?”

“నేను అంటా. ఆయన రాకపోతే మానె” అనేది చిన్నమ్మ. పలకను ఇంకో జానెడు పైకి ఎత్తేది.

చిన్నాయన మా ముందు నుంచి పోయేటప్పుడు ఎడమ మోచేతిని కొంచెం ఎత్తేవాడు. చూశానని గుర్తు. చూసి, రాకుండా పోయేవాడు. అన్ని రౌండ్లూ అట్లే. ఆమె రమ్మనడం, ఆయన మోచెయ్యి ఎత్తి పోవడం. వాళ్లిద్దరూ ఇంట్లో పెద్దగా మాట్లాడుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. పెద్దవాళ్ల ముందు ఆలుమగలు మాట్లాడుకునే ఇల్లు కాదు మాది. వాళ్ల మాటలన్నీ ఆ దుమ్ములో, ఆ పలక మీదే జరిగేవేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

కుప్పం రేసు రోజు పొద్దున బండ్ల చెకింగు జరిగింది. చెకింగు చేసే పెద్దమనిషి బ్రేకులు నొక్కాడు, చైను లాగాడు, యాక్సిలరేటర్ తిప్పి వదిలి అది టప్పున వెనక్కి వస్తుందో లేదో చూశాడు. అన్నీ బాగున్నాయని ఇంజను మీద తెల్ల చుక్క పెట్టాడు. ఆ చుక్క పడినాక బండికి ఏమీ కలపకూడదు, ఏమీ తీయకూడదు. అది అన్ని రేసుల్లోనూ నియమం, టీవీలో చూసే వాటిలోనూ, మా దుమ్ము రేసుల్లోనూ. బండ్లు గీత దగ్గర నిలబడ్డాక ఇంటివాళ్లు దగ్గరికి పోయి మాట్లాడొచ్చు. చిన్నమ్మ కొంగు చాటు నుంచి గంగమ్మ గుడిలో పూజ చేయించిన పసుపు దారం తీసింది. కుడి హ్యాండిల్ మొదట్లో కట్టింది. ఆమె కనకాంబరాలు కట్టినా అంతే, ముడి మీద ముడి, ఊడదీయాలంటే పళ్లు కావాలి. చిన్నాయన హెల్మెట్ పెట్టుకుని ఉన్నాడు, కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కళ్లు ఆమె చేతుల్ని చూసి, తర్వాత ఆమె ముఖాన్ని చూశాయి. నేను ఆమె పక్కనే, పలక మోసుకుంటూ ఉన్నాను. దారానికీ జరగబోయేదానికీ సంబంధం ఉంటుందని ఆ వయసులో నాకేం తెలుసు.

జరిగింది ముందే చెప్పాను. భుజం ఎముక విరిగింది, కాలు విరిగింది. టైర్లు పేర్చిన గోడ అడ్డం లేకపోతే అంతటితో పోయేది కాదు. మేం పరిగెత్తి పోయేసరికి చిన్నాయన దుమ్ములో వెల్లకిలా పడి ఉన్నాడు, ఎడమ చెయ్యి గుండెల మీద పిడికిలి బిగించి. మస్తాన్ మామ అడగకముందే, “యాక్సిలరేటర్ కేబులు పట్టేసింది రా. నేను సరిగా సూసుకోలా” అన్నాడు. ఆ మాటే ఆసుపత్రిలో చెప్పాడు, మా నాన్నకు చెప్పాడు, అవ్వకు చెప్పాడు.

ఆ మాట పుంగనూరులో ఆయన వెంటే తిరిగింది. మెకానిక్కుకు అంతకంటే అవమానం ఉండదు. “సొంత బండి కేబులు సూసుకోలేనోడు మన బండి ఏం సూస్తాడప్పా” అని టీ అంగడి దగ్గర ఎవరో అన్నారని నాన్న మండిపడుతూ ఇంటికొచ్చాడు. కొన్ని నెలలు షెడ్డు ముందు బండ్లు తగ్గాయి. మస్తాన్ మామ ఇంటికి రావడం మానేశాడు. ఆ కేబులు కొత్తదని, తానే దగ్గరుండి వేయించానని, అది పట్టేయడమేమిటని ఒకసారి గట్టిగా వాదించి పోయాడు. తర్వాత వచ్చాడు గానీ రేసు మాట ఎత్తలేదు. కాలు బాగై, భుజం బాగై, బండి కూడా బాగైనాక చిన్నాయన దాన్ని గోనె సంచులతో కప్పి గోడకు ఆనించాడు. మళ్లీ ఏ రేసుకూ పోలేదు. భయపడ్డాడనుకున్నాం అందరం. అవ్వ గంగమ్మకు మొక్కు తీర్చింది. చిన్నమ్మ మాత్రం ఆనందపడిన గుర్తు లేదు నాకు. ఒక మధ్యాహ్నం బట్టలుతికే బండ మీద కూర్చుని, ఆసుపత్రి మూటలోని చిన్నాయన గ్లౌజును లోపలిది బయటికి తిప్పి ఒళ్లో పెట్టుకుని ఉంది. బకెట్లో నురగ అంతా ఆరిపోయింది.

ఆ తర్వాత ‘రా’ రేకుకు కొత్త పని వచ్చింది. ఇంటికీ షెడ్డుకీ మధ్య తలుపుకు షెడ్డు వైపున ఒక మేకు ఉండేది. వంట కాగానే చిన్నమ్మ ఆ రేకును మేకుకు తగిలించేది. ఇంజన్ల గోలలో పిలిస్తే వినపడదు కదా. చిన్నాయన తల ఎత్తి చూసి, చేతులు కడుక్కుని వచ్చేవాడు. రేకు తీసి గూట్లో పెట్టేది. మళ్లీ రాత్రి అన్నానికి. నేను మదనపల్లెలో డిగ్రీ చదువుతూ వారం వారం ఇంటికి పోయినప్పుడూ ఆ రేకు అట్లే ఉండేది. నా పెళ్లికి ముందు రోజు కూడా, ఇంటి నిండా చుట్టాలు, ఎవరు ఎక్కడున్నారో తెలియని గోల, అయినా ఆ మేకుకు ‘రా’ వేలాడింది. పోయిన వానకాలంలో చిన్నమ్మ పోయింది. జ్వరం అన్నారు, అంతలోనే అయిపోయింది. కర్మాంతరాల రోజు అందరూ భోజనాలకు కూర్చున్నాక చిన్నాయన కోసం వెతికితే షెడ్డులో ఉన్నాడు. పని ఏమీ చేయడం లేదు. ఆ మేకు వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఈ రోజు సాయంత్రం, తిరుగు బస్సుకు ముందు, చరిత సంచిని తనిఖీ చేస్తానని చిన్నాయన కింద పరుచుకున్నాడు. గ్లౌజుల కుట్లు చూశాడు, బూట్ల జిప్పులు లాగాడు, హెల్మెట్ పట్టీ బిగించి ఊపి చూశాడు. గ్లౌజుల కింద పసుపు దారం దొరికింది.

“ఇది బిడ్డకా, బండికా?”

“బండికే చిన్నాయనా. హ్యాండిల్‌కి కట్టేదానికి. గంగమ్మ గుడిలో పూజ చేయించినా.”

ఆయన దారాన్ని వేలికి చుట్టుకుని విప్పాడు. మళ్లీ చుట్టాడు. పిల్లలు వీధిలోకి పోయేదాకా ఆగాడు.

“ఆ పొద్దు కేబులు పట్టేయలేదమ్మా.”

నేను కూర్చున్నాను.

“దారం కొస వదులై యాక్సిలరేటర్ సందులో దూరింది. తిప్పినకొద్దీ లోపల సుట్టుకుంది. వదిలితే వెనక్కి రాలా. క్లచ్ పట్టినా, అంతే చేయగలిగినా. కింద పడినాక, మీరు వచ్చేలోపల, పక్కనే పడిన బండిలోంచి ఎడం చేత్తో పీకినా. ఎట్ల వచ్చిందో, వచ్చింది. గ్లౌజులో దోపుకున్నా.”

“మరి కేబులని ఎందుకు చెప్పినావు? ఊరంతా నిన్ను అన్ని మాటలు అనె గదా.”

“అంటే ఏమి? నన్ను గదా అనింది.” దారాన్ని నేల మీద పెట్టాడు. “మా అమ్మ సంగతి నీకు తెల్దా. దారం మాట తెలిస్తే, ఆ ఇంట్లో మీ చిన్నమ్మ బతికేదా? ఎవురూ అనకపోయినా తనే అనుకునేది. అబద్ధం గూడా కాదమ్మా. చుక్క పడినాక బండికి ఏదీ తగలకూడదని నాకు తెలుసు. కట్టేటప్పుడు సూసినా. తీసెయ్యమనాల. ఆ ముఖం సూసి అనలేకపోయినా. తప్పు నాదే గదా.”

“అయితే రేసులు ఎందుకు మానేసినావు? భయపడలేదు గదా.”

చిన్నాయన నవ్వాడు, చాలా చిన్నగా. “మళ్లీ గీత దగ్గర నిలబడితే మళ్లీ కట్టేది. వద్దంటే యాల వద్దని అడిగేది. ఏం చెప్పాల?”

ఆయన పలక వైపు చూస్తూ అన్నాడు. “నా పొజిషన్ ఎంతో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు. నువ్వు అంకెలు కరెక్టుగానే పెట్టేదానివిలే. నేను సూసేది కాదు. కింద ఆమె రాసిందే సూసేది. ఇంగో రౌండు పోతే ఇంగోసారి కనపడతాది అనుకుంటా పోయేవాడిని.”

“ఆమెకు తెలుసా? దారం సంగతి?”

“తెల్దు. ఎట్ల తెలుస్తుంది? ఆసుపత్రిలో ఆ గ్లౌజు యాడ పోయిందో ఏమో. దారం దాంట్లోనే పోయింది.”

బట్టలుతికే బండ, ఆరిపోయిన నురగ, తిరగేసిన గ్లౌజు నా కళ్ల ముందుకు వచ్చాయి. ఆ తర్వాత అన్నేళ్లూ, చిన్నాయన ఎప్పుడు బయటికి పోయినా ఆమె ఆయన మెడలోగాని, చేతికిగాని, బండికిగాని దారం కట్టడం నేను చూడలేదు. ఊరంతా కేబులు గురించి మాట్లాడుతుంటే తలుపు చాటున నిలబడి వినేది. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఆయన దాచాడని తనకు తెలిసినట్టు ఆయనకు తెలియకూడదని అంత జాగ్రత్తగా బతికింది. రోజుకు రెండు పూటలా ఆ రేకు తగిలించింది. చెబుదామని నోరు తెరిచాను. చిన్నాయన ముఖం చూశాను. ఆమెకు తెలియకుండా దాచిన ఆ ఒక్క పని మీద ఆయన జీవితమంతా నిలబెట్టుకుని ఉన్నాడు. నోరు మూసుకుని, బస్సుకు టైమైందని చెప్పాను.

ఆయన పోతూ, “పలక నీ దగ్గరే ఉండనీ. ఆ మేకుకు తగిలించేవాళ్లు లేరు ఇంగ” అన్నాడు.

పిల్లలు పడుకున్నాక ఇదంతా రాస్తున్నాను. సురేంద్ర కుప్పంలోనే ఉన్నాడు, పొద్దున నేరుగా మైదానానికి వస్తాడు. రేపు చరిత తిరగబోయే దారి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, ఫోటోలు చూశాను. తారు వేసి, రెండు పక్కలా గడ్డి పెంచారు, టైర్ల గోడలు, అంబులెన్సు, డాక్టరు, అన్నీ ఉన్నాయి. మా దుమ్ముకూ దానికీ పోలికే లేదు. చరిత సూటుకు మస్తాన్ మామ మిషను కుట్టలేని కుట్లు ఎన్నో ఉన్నాయి. అన్నీ మంచికే మారాయి. అయినా నాకు ఆ పాల ఆటో కావాలి. మూడో మలుపు దగ్గర పట్‌పట్‌మనే ఆ దగ్గు కావాలి. టీవీలో ఆఖరువాడి కోసం అవ్వ పడే ఆరాటం కావాలి. నన్ను మోచేత్తో పొడిచి ‘అది పెట్టవే’ అనే చిన్నమ్మ కావాలి. ఆమె భయం ఎంతదో ఇప్పుడు తెలుస్తోంది. ఆమెకు నలభై అడుగుల దూరం నుంచి ఒక అక్షరం ఎత్తి చూపించడం తప్ప ఇంకే దారీ లేకపోయింది. ఉన్న ఇంకొక దారి ఆ దారం, అది ఆయన్ని పడేసింది. నా దగ్గర కూడా ఆ రెండే ఉన్నాయి. దారం తీసి దేవుడి గూట్లో పెట్టాను. నిద్రపోతున్న చరిత నుదురు తాకి చూశాను. చల్లగా ఉంది. చల్లగా ఉన్నందుకు నాకు ఒక క్షణం బాధ కలిగింది.

మిగతా ముక్క పొద్దున బయల్దేరే ముందు రాస్తున్నాను. ఆటో హారను కొడుతోంది. పిల్లలిద్దర్నీ గుమ్మంలో నిలబెట్టి చెప్పాను. బన్నీ, అంకెలు తగిలించేది నువ్వు, అక్క ఎన్నో నంబరులో ఉంటే ఆ నంబరే పెట్టాల, నాన్న చెబుతాడు. చరితా, చెకింగు అయినాక నీ బండిని నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, నేను ఏడ్చినా సరే, ముట్టుకోనియ్యొద్దు. “పలక నువ్వు పడతావా అమ్మా?” అంది. పడతాను అన్నాను. “మరి ‘రా’ ఎప్పుడు చూపిస్తావు?”

“ప్రతి రౌండులోనూ చూపిస్తా. నువ్వు చూసి, మోచెయ్యి ఎత్తి, పో. రౌండ్లన్నీ అయిపోయినాక రా.”